చివరి ఎనిమిది

రాత్రి రెండు. ఒంటె కనుమ మీద
గాలి కిటికీ చెక్కల్ని పళ్లతో కొరుకుతోంది.
నాలుగు గంటలు పట్టింది ఈ మూట దిగడానికి,
బిందెలోకి బొట్టు బొట్టుగా,
మధ్యలో రెండుసార్లు తెగి, మళ్లీ అతుక్కుని.
పైన మంచుచరియ కదిలితే
కింద లోయలో సైరన్ మోగించే ప్రోగ్రాం.
కొత్తది.

జానిష్ టీ కాస్తున్నాడు.
"వేసెయ్యి ఎజే, తెల్లారేసరికి కావాలన్నారు పైవాళ్లు."

మూటతో పాటే ఒక చీటీ దిగింది,
అరవై నాలుగు అక్షరాల లెక్క.
నేనూ కట్టి చూశాను. తూచినట్టు సరిపోయింది.
సరిపోదా మరి?
సరుకూ రసీదూ ఒకే గుమ్మంలోంచి వచ్చాక
సరుకు మార్చినవాడికి
రసీదు మార్చడం ఒక పనా?

తర్వాత సంతకం.
సంతకం చెక్కుచెదరలేదు అంది యంత్రం,
ఈ చెయ్యి ఎవరిదో మాత్రం నాకు తెలీదు అంది.
ఆ మాటంటే నాకు గౌరవం.
తెలీనిది తెలీదనేవాళ్లు మా ఆఫీసులో తక్కువ.

గోడ మీద పెన్సిల్ రాత ఉంది.
నాకు ముందు ఇక్కడున్న తుర్దుబెక్
కొండ దిగిపోతూ రాసిపెట్టిన ఆనవాలు:
అసలు ముద్రలో చివరి ఎనిమిది అక్షరాలు.
నలభైలో ఎనిమిది.
మిగతావాటికి బద్ధకించాడో,
చలికి వేళ్లు వంగలేదో.
ఎనిమిదికి ఎనిమిదీ కలిశాయి.
జానిష్ కప్పులు తీశాడు.

మా అమ్మ ఓష్ బజారులో పుచ్చకాయ కొంటే
తొడిమ చూసి ఊరుకునేది కాదు.
చెవి ఆనించి, తట్టి,
బేరగాడు విసుక్కునేదాకా తట్టి.

ఫోన్ చేశాను.
ఇక్కడ రెండైతే అక్కడ పది,
ఎస్తోనియాలో, హీయుమా దీవిలో,
ఈ ప్రోగ్రాం రాసిన ఆదు అనే ముసలాయనకి.
"ముందు మీరెవరో చెప్పండి" అన్నాడాయన.
"ముందు మీరే చెప్పండి" అన్నాను.
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు,
డబ్బులు మాత్రం కాలుతున్నాయి.

"ఇరవై ఏళ్ల కింద మా స్టేషనుకి వచ్చారట.
పొయ్యి తలుపు దేనితో బిగించి ఉండేది?"
దగ్గు. తర్వాత నవ్వు.
"గుర్రపు నాడా మేకుతో. నా చేతి తొడుగు కాలింది దానివల్లే."
పొయ్యి వైపు చూశాను.
ఆ మేకు ఇంకా అలాగే ఉంది, ఎర్రగా.

ఆయన చివరినుంచి చదువుతాడు, అదొక అలవాటు.
నాలుగేసి అక్షరాలు, రష్యన్‌లో,
ప్రతి అంకెనీ చలిలో ఊది వేడిచేసి ఇస్తున్నట్టు.
పదో గుంపు. కలిసింది.
తొమ్మిదో గుంపు. కలిసింది.
జానిష్ వేలు అప్పటికే మీట మీద ఉంది.
ఎనిమిదోది.
"మళ్లీ చెప్పండి."
చెప్పాడు.
"ఇంకోసారి."
నేను జానిష్ మణికట్టు పట్టుకున్నాను.

తోక కలిసింది, ఒళ్లు కలవలేదు.
ఎవడో కూర్చుని, ఓపిగ్గా,
లక్షల ముద్రలు కొట్టి కొట్టి పారేసి,
మా గోడ మీది ఆ ఎనిమిదికి సరిపోయే తోకని
దొరికించుకున్నాడు.
సైరన్‌తో వాడికేం పనో
ఆదుకీ తెలీదు, నాకూ తెలీదు.
మోగాల్సినప్పుడు మోగకపోవడమా,
మోగకూడనప్పుడు మోగడమా.
ఓష్ వైపు వెళ్లే ట్రక్కులు కింద
వరసగా దీపాలతో పాకుతున్నాయి.

మూట చెరిపేశాను.
"పైవాళ్లకేం చెబుదాం?" అన్నాడు జానిష్.
"పాతది ఇంకా పనిచేస్తోందని."
అబద్ధం కాదు. ముక్కుతూ మూలుగుతూ, చేస్తోంది.

ఆదు ఫోన్ పెట్టలేదు.
నలభై అక్షరాలూ ఈసారి మొదటినుంచి చదివాడు,
నేను తుర్దుబెక్ రాత కింద గోడ మీద రాశాను.
ముప్పై ఒకటో అక్షరం దగ్గర పెన్సిల్ ముక్కు విరిగింది.
"ఆగండి" అన్నాను.
కత్తితో చెక్కుతున్నంతసేపూ
అటునుంచి ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది.